డార్ట్ గన్‌కి బ్యాటరీ: ముందు నికెల్, ఆ తర్వాతే లిథియం

స్పాంజి డార్టులు కొట్టే బొమ్మ తుపాకి కొనుక్కుని, నాలుగు రోజులు ఆడి, విప్పి లోపలి మోటార్లు మార్చి వేగం పెంచాలని చూసే పిలగాళ్లు మన నల్లగొండ, పాలమూరు వైపు కూడా ఉన్నారు. వాళ్లకు గురువులు వీడియోలే. బ్యాటరీ సంగతి వచ్చేసరికి ఆ వీడియోల్లో దాదాపు అందరిదీ ఒకటే మాట: ఆల్కలైన్ (మామూలు పెన్సిల్ సెల్లు) తీసెయ్, లైపో (లిథియం పాలిమర్ బ్యాటరీ) పెట్టు. చెప్పేవాళ్లకు ఆ సలహా సరిపోతుంది. వాళ్లకు అసలు సరుకు దొరికే దుకాణం ఉంది, చల్లటి గ్యారేజీ ఉంది, ప్యాక్‌లోని ప్రతి సెల్లునూ విడిగా చూసి సమం చేసే బ్యాలెన్స్ ఛార్జర్ వాడటం అలవాటై ఉంది. మే నెలలో 45 డిగ్రీలు దాటే ఊళ్లో, రేకుల కింద గదిలో, చిన్నపిల్లలు తిరిగే ఇంట్లో అదే సలహాను ఉన్నదున్నట్టు పాటించడం నాకు సమ్మతం కాదు. ఇక్కడ మొదటి బ్యాటరీ నికెల్ మెటల్ హైడ్రైడ్, అంటే మళ్లీ మళ్లీ ఛార్జ్ చేసుకునే పెన్సిల్ సెల్లు కావాలి. అది చాలదని లెక్కలో తేలితేనే లిథియానికి పోవాలి, అదీ ఫ్యూజు పెట్టి, దానికి తగిన ఛార్జర్ కొన్నాకే.

ముందు కొత్త బొమ్మ లోపల ఏముందో చూద్దాం. నర్ఫ్ బ్రాండ్ వాళ్ల స్ట్రైఫ్ లాంటి ఫ్లైవీల్ గన్‌లో నాలుగు పెన్సిల్ సెల్లులు పడతాయి, అంటే 6 వోల్టులు. ర్యాపిడ్‌స్ట్రైక్‌లో టార్చిలైటుకు వేసే లావు సి సైజు సెల్లులు నాలుగు. రెండు చిన్న మోటార్లు రెండు చక్రాలను తిప్పుతాయి, ఆ చక్రాల మధ్య నలిగి డార్ట్ బయటికి దూసుకుపోతుంది. సన్నటి వైర్లు, రెండు మూడు సేఫ్టీ స్విచ్చులు, కరెంట్ మితిమీరితే వేడెక్కి తానే అడ్డం పడే ఒక చిన్న థర్మిస్టర్ ఉంటాయి. మోటారు మార్చేవాళ్లు మొట్టమొదట పీకేసేది ఆ థర్మిస్టర్‌నే. దాన్ని ఎందుకు పెట్టారో తెలుసుకుని పీకేవాళ్లు తక్కువ.

ఇంకో రక్షణ ఉంది, అది కంటికి కనిపించదు. ఆల్కలైన్ పెన్సిల్ సెల్లు బలహీనమైనది. ఒక్కో సెల్లు లోపలి రెసిస్టెన్స్ సుమారు 0.15 నుంచి 0.3 ఓమ్. 0.2 అనుకుంటే నాలుగూ వరుసలో కలిపి 0.8 ఓమ్. అలాంటి సెట్టును నేరుగా షార్ట్ చేసినా 6ని 0.8తో భాగిస్తే 7.5 ఆంపియర్లే వస్తాయి. వైరు వేడెక్కుతుంది, సెల్లు కాలుతుంది, అంతకు మించి పెద్దగా ఏమీ జరగదు. ఇప్పుడు రెండు మంచి 18650 లిథియం సెల్లులు (పెన్సిల్ సెల్లు కంటే లావుగా, పొడుగ్గా ఉండే రకం) పెట్టారనుకోండి. ఒక్కోదాని రెసిస్టెన్స్ 0.02 ఓమ్ దగ్గర, రెండూ కలిపి 0.04. నిండా ఛార్జ్ అయితే 8.4 వోల్టులు. షార్ట్ అయితే లెక్క ప్రకారం 210 ఆంపియర్లు! సన్న వైరు ఇన్సులేషన్ క్షణాల్లో కరిగి మండటానికి అందులో పదో వంతు చాలు. బొమ్మలో వోల్టేజీ 6 నుంచి 8కి పెరిగినట్టే కనిపిస్తుంది, ప్రమాదం మాత్రం ముప్పై రెట్లకు దగ్గరగా పెరిగింది. అందుకే వోల్టులు చూసి బ్యాటరీ ఎంచుకోవద్దంటాను.

మీ మోటార్లకు ఎంత కరెంట్ కావాలో మీరే కొలవండి. అమ్మేవాడు చెప్పడు, పెట్టె మీద రాసి ఉండదు. కావలసినవి ఛార్జ్ చేసిన ఒక నికెల్ సెల్లు, రెండు మల్టీమీటర్లు. ఒక మీటరును 10 ఆంపియర్ల రేంజిలో పెట్టి సెల్లుకూ మోటారుకూ మధ్య వరుసలో కలపండి. రెండోదాన్ని మోటారు టెర్మినళ్లకే ఆనించి వోల్టేజీ చూడండి. మోటారు కడ్డీ తిరగకుండా ప్లయర్‌తో మెల్లగా పట్టుకుని రెండు రీడింగులూ రాసుకోండి. పది సెకన్లు దాటనివ్వొద్దు. వోల్టులను ఆంపియర్లతో భాగిస్తే మోటారు రెసిస్టెన్స్. కడ్డీని కొంచెం కొంచెం తిప్పి నాలుగైదు చోట్ల చూసి, అందులో అన్నిటికంటే తక్కువ వచ్చినదాన్ని తీసుకోండి. కార్బన్ బ్రష్ ఒక్కో చోట ఒక్కోలా ఆనుతుంది కాబట్టి అంకెలు మారుతుంటాయి. మీటరును నేరుగా ఓమ్స్‌లో పెట్టి కొలిస్తే మీటరు వైర్ల రెసిస్టెన్స్ కూడా కలిసి అంకె తప్పొస్తుంది, ఆ దారి వద్దు.

ఒక్కో మోటారు 0.5 ఓమ్ వచ్చిందనుకుందాం. రెండూ పక్కపక్కన కలుస్తాయి కాబట్టి మొత్తం 0.25. ఆగి ఉన్న మోటారు బ్యాటరీకి ఒట్టి రెసిస్టర్ లాంటిదే. ట్రిగ్గర్ నొక్కిన మొదటి క్షణంలోనూ, డార్ట్ ఇరుక్కుని చక్రాలు ఆగిపోయినప్పుడూ ఆ రెసిస్టెన్స్‌ను బట్టి పెద్ద కరెంట్ పారుతుంది. చక్రాలు పూర్తి వేగం అందుకున్నాక రెండిటికీ కలిపి నాలుగైదు ఆంపియర్లకు పడిపోతుంది. బ్యాటరీ, వైరు, స్విచ్చు, ఫ్యూజు అన్నీ ఎంచుకోవలసింది ఆ మొదటి క్షణపు కరెంటును, ఇరుక్కున్నప్పటి కరెంటును చూసి.

నికెల్ పక్షాన నా వాదన ఇక్కడ మొదలవుతుంది. మంచి నికెల్ పెన్సిల్ సెల్లు రెసిస్టెన్స్ 0.025 నుంచి 0.03 ఓమ్. ఆరు వరుసలో పెడితే 0.17 దాకా. నామమాత్రపు వోల్టేజీ ఒక్కోటి 1.2 చొప్పున 7.2, ఛార్జర్ నుంచి తీసిన వేడిలో 8.4 దాకా ఉంటుంది. పై మోటార్లకు కలిపితే మొదటి క్షణం 8.4ని 0.42తో భాగించాలి, 20 ఆంపియర్లు. అదే రెండు 18650లతో అయితే 29. చక్రాలు పూర్తి వేగం అందుకోవడం నికెల్‌తో రవ్వంత ఆలస్యమవుతుంది. తిరుగుతున్నప్పుడు 5 ఆంపియర్లకు 0.85 వోల్టు పడిపోతుంది. నష్టం ఇంతే. షార్ట్ అయితే 50 ఆంపియర్ల దగ్గర కరెంట్. అది కూడా ఎక్కువే, వైరును కాల్చగలదు, ఫ్యూజు దీనికీ కావాలి. కానీ నికెల్ సెల్లులో ఉన్నది నీళ్లలో కలిపిన క్షారం. పాడైతే ఆవిరి వదిలి కారిపోతుంది. లిథియం సెల్లులో ఉన్నది మండే ద్రావకం. ఒకసారి అదుపు తప్పితే దానికదే వేడి పుట్టించుకుంటూ పక్క సెల్లుకు అంటిస్తుంది.

కొందరు అసలు మోటార్లు ఉంచుకుని బ్యాటరీ మాత్రమే మార్చాలనుకుంటారు. వాళ్లకు నా సలహా ఇంకా తేలిక: ఉన్న నాలుగు సెల్లుల అరలోనే నాలుగు నికెల్ సెల్లులు వేయండి. 6 వోల్టులు పోయి 4.8 వస్తే బలం తగ్గుతుందని భయపడతారు. లెక్క చూడండి. అసలు మోటార్లు ఒక్కోటి 1 ఓమ్ అనుకుని, థర్మిస్టర్‌ను కాసేపు పక్కన పెడితే, మొదటి క్షణంలో ఆల్కలైన్ 4.6 ఆంపియర్లు ఇస్తుంది, మోటార్లకు అందేది 2.3 వోల్టులే. మిగతాది సెల్లులోనే వేడిగా పోతుంది. నికెల్ సెల్లులు ఒక్కోటి 1.3 వోల్టుల దగ్గర ఉంటే 8.5 ఆంపియర్లు, మోటార్లకు 4.3 వోల్టులు. 2 ఆంపియర్లతో తిరుగుతున్నప్పుడు కూడా ఆల్కలైన్ దగ్గర మిగిలేది 4.4, నికెల్ దగ్గర 5. పేపరు మీద తక్కువ వోల్టేజీ ఉన్నదే బొమ్మలో బలంగా తిరుగుతుంది. థర్మిస్టర్ పీకే పని లేదు, వైరు మార్చే పని లేదు, టంకం ముట్టే పని లేదు. చాలామందికి ఇక్కడితో సరిపోవాలి.

సెల్లు కొనేటప్పుడు పెట్టె మీద పెద్ద అంకె చూసి మోసపోవద్దు. ఎనెలూప్ అనే నికెల్ సెల్లులు 2005లో సాన్యో తెచ్చింది, ఇప్పుడు ప్యానసోనిక్ పేరుతో వస్తాయి. ఊరికే పెట్టినా ఛార్జ్ నిలబడటం వాటి గొప్ప. మామూలు తెల్ల రకం 2000 ఎంఏహెచ్ (మిల్లీ ఆంపియర్ గంటలు, అంటే సెల్లులో పట్టే ఛార్జ్). నల్ల రంగు ప్రో రకం 2500 దాటి ఉంటుంది, కానీ ఎన్నిసార్లు ఛార్జ్ చేయొచ్చన్న లెక్కలో మామూలుది దానికి నాలుగింతలు. డార్ట్ గన్‌కు మామూలు రకమే నయం. 5 ఆంపియర్ల చొప్పున 2000 ఎంఏహెచ్ అంటే మోటారు ఆగకుండా 24 నిమిషాలు. ట్రిగ్గర్ నొక్కినప్పుడే మోటారు తిరుగుతుంది కాబట్టి సాయంత్రమంతా ఆడొచ్చు. పెన్సిల్ సైజులో 3000 దాటి రాసి ఉంటే ఆ దుకాణం నుంచి బయటికి వచ్చేయండి. బోరుకు ట్యాంకు ఎంత పెద్దది కట్టినా పైపు సన్నదైతే పొలానికి ధార రాదు, ఎంఏహెచ్ ట్యాంకు సైజే చెబుతుంది, మనకు కావలసింది పైపు.

ఆరింటినీ ఒకేసారి, ఒకే రకం, ఒకే తయారీ తేదీవి కొనండి. మార్కర్‌తో అంకెలు వేసి వాటిని ఎప్పుడూ విడదీయొద్దు. వాటిలో ఒకటి టీవీ రిమోట్‌లోకి పోయి తిరిగొస్తే మిగతా ఐదింటికంటే ముందు ఖాళీ అవుతుంది. వరుసలో ఉన్న ఖాళీ సెల్లు గుండా మిగతావి కరెంట్ నెడుతుంటే దాని ప్లస్ మైనస్ తారుమారై ఆ సెల్లు పాడవుతుంది. చక్రాల శబ్దం మందగించిందని చెవికి తెలియగానే ఆపేయడం మంచిది. సెల్లుకు 1 వోల్టు కంటే కిందికి దించొద్దు.

స్ట్రైఫ్‌లో ఆరు సెల్లులకు చోటు లేదు. బయట తగిలించే పెట్టె కావాలి, లేదా లోతు ఎక్కువున్న బ్యాటరీ మూత త్రీడీ ప్రింట్ చేయించుకోవాలి. మార్కెట్లో దొరికే స్ప్రింగుల ప్లాస్టిక్ హోల్డర్ అసలు అపాయం. దాని స్ప్రింగు సన్నటి ఉక్కు తీగ. 20 ఆంపియర్లకు ఎర్రగా కాగి మెత్తబడుతుంది. ఆ తర్వాత సెల్లును బిగించి పట్టుకోదు, పట్టు వదులైన చోట మళ్లీ వేడి. ట్యాబులు వెల్డ్ చేసి ఉన్న సెల్లులు కొని మూడు మూడు చొప్పున పేర్చి, ఆరూ వరుసలోనే కలిపి ప్యాక్ చేయించడం మేలు. స్పాట్ వెల్డింగ్ యంత్రం స్ప్రేయర్ బ్యాటరీలు, ఈ-బైక్ బ్యాటరీలు బాగుచేసే దుకాణాల్లో ఉంటుంది. ట్యాబుకు టంకం పెట్టండి గాని సెల్లు మూతికి నేరుగా పెట్టొద్దు. ఆ వేడికి లోపలి సీలు పోతుంది.

స్ప్రేయర్ మాట వచ్చింది కనుక ఒక హెచ్చరిక. పత్తికి మందు కొట్టే స్ప్రేయర్‌లోని 12 వోల్టుల లిథియం ప్యాక్ తీసి గన్‌కు తగిలిస్తే చవకలో పని అయిపోతుందని అనిపిస్తుంది. ఆ ప్యాక్ పంపు కోసం, అంటే కొద్దిపాటి ఆంపియర్లు గంటల తరబడి ఇవ్వడం కోసం చేసింది. లోపలి సెల్లులు హై డ్రెయిన్ (ఒక్కసారిగా పెద్ద కరెంట్ ఇవ్వగల) రకం కావు, ప్యాక్‌ను కాపాడే బీఎంఎస్ బోర్డు కూడా చిన్నది. మోటారు తొలి లాగుడుకే బోర్డు కట్ చేసేస్తుంది. ‘బోర్డే పాడైంది’ అనుకుని దాన్ని తప్పించి నేరుగా కలపడం అన్నిటికంటే చెడ్డ పని. పైగా 6 వోల్టుల మోటారుకు 12 ఇస్తే బ్రష్‌లు కొద్ది రోజుల్లో అరిగి మాడిపోతాయి. పాత ల్యాప్‌టాప్ బ్యాటరీ నుంచి తీసిన సెల్లులకూ ఇదే మాట వర్తిస్తుంది.

లిథియంలో పూర్తిగా వద్దనే చెప్పే రకం 14500. చూడటానికి అచ్చం పెన్సిల్ సెల్లు, అదే సైజు, కానీ 3.7 వోల్టులు, నిండితే 4.2. స్ట్రైఫ్ అరలో రెండు 14500లు, రెండు ఖాళీ డమ్మీలు వేయాలని వీడియోల్లో చెబుతారు. డమ్మీల సంగతి తెలియని తమ్ముడు నాలుగూ అవే వేస్తే 16.8 వోల్టులు. గోడ గడియారంలోకి పోతే గడియారం పోతుంది. నికెల్ ఛార్జర్‌లో పెడితే 4.2 దగ్గర ఆగాలన్న తెలివి ఆ ఛార్జర్‌కు లేదు, సెల్లును మంట దాకా తీసుకుపోగలదు. రెండు రకాల సెల్లులు ఒకే రూపంలో ఒకే ఇంట్లో ఉండకూడదు. ఒక్క ఈ కారణం చాలు, నాణ్యత గురించి మాట్లాడేదాకా పోనక్కర్లేదు.

ఇక నికెల్ ఎక్కడ చాలదు? మోటారు ఒక్కోటి 0.25 ఓమ్ వచ్చిందనుకోండి. రెండూ కలిపి 0.125. నికెల్ ప్యాక్ సొంత రెసిస్టెన్స్ 0.17 దానికంటే ఎక్కువ. సగానికి పైగా శక్తి బ్యాటరీలోనే వేడైపోతుంది, సెల్లుల ఆయుష్షు పడిపోతుంది. అంత మోటారు నిజంగా కావాలా అన్నది ముందు అడగాల్సిన ప్రశ్న. చక్రం వేగం ఒక హద్దు దాటాక డార్ట్ మీద జారుతుందే తప్ప వేగం పెంచదు. కావాలనే తేల్చుకున్నవాళ్లకు నా రెండో ఎంపిక హై డ్రెయిన్ 18650, మూడోది లైపో.

18650 ఉక్కు డబ్బాలో ఉంటుంది, సులువుగా చిల్లు పడదు, తొందరగా ఉబ్బదు, అసలుదైతే ఒత్తిడి వదిలే కవాటం లోపలే ఉంటుంది. శాంసంగ్ 25ఆర్ 2500 ఎంఏహెచ్, ఆగకుండా 20 ఆంపియర్లు. మోలిసెల్ పీ26ఏ 2600 ఎంఏహెచ్, 35 ఆంపియర్లు. ఎల్‌జీ హెచ్‌జీ2 3000, 20 ఆంపియర్లు. పేర్లు ఇన్ని చెప్పడం ఎందుకంటే సెల్లు మోడల్ నంబరు లేకుండా ‘18650 లిథియం’ అని అడిగి కొనడం గుడ్డిగా కొనడమే. 2023 మేలో మహబూబ్‌నగర్ పక్కన దివిటిపల్లిలో అమర రాజా లిథియం సెల్లుల ఫ్యాక్టరీకి శంకుస్థాపన జరిగింది, అయినా అదే జిల్లాలో చిల్లర దుకాణానికి పోయి ఈ సెల్లు ఎన్ని ఆంపియర్లు ఇస్తుందని అడిగితే జవాబు దొరకడం కష్టం. ఈ ప్రశ్న అడిగే కొనుగోలుదారులు పెరగాలి.

నకిలీని పట్టడానికి మూడు చూపులు. 18650లో 3600 ఎంఏహెచ్ దాటి రాసి ఉంటే నకిలీ అనే అనుమానించాలి. 6800, 9900 అని అచ్చు వేసినవి చాలా తిరుగుతున్నాయి. రెండోది బరువు: అసలు సెల్లు 43 నుంచి 48 గ్రాములు. వంటింటి డిజిటల్ కాంటా మీద పెట్టండి. 30 గ్రాముల చుట్టూ తూగితే లోపల చిన్న సెల్లో, మట్టి లాంటి పొడో ఉన్నట్టే. మూడోది గుర్తు: మన దేశంలో అమ్మే లిథియం సెల్లులకు భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) నమోదు తప్పనిసరి, ప్రమాణం ఐఎస్ 16046. ఆర్ అక్షరంతో మొదలయ్యే నమోదు నంబరు సెల్లు మీదో పెట్టె మీదో ఉండాలి. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొడితే ఎవరి పేరున ఉందో తెలుస్తుంది.

సెల్లు మూతి దగ్గర ప్లాస్టిక్ చొక్కా చిరిగిందేమో ప్రతిసారీ చూడాలి. 18650 డబ్బా మొత్తం మైనస్. ప్లస్ మధ్యలోని బొడిపె మాత్రమే. ఆ రెండిటి మధ్య ఉన్నది మిల్లీమీటరు, రెండు మిల్లీమీటర్ల దూరం, పలచటి ఒక ప్లాస్టిక్ పొర. చొక్కా చిరిగిన సెల్లుకు కాగితం రింగు వేసి కొత్త స్లీవ్ తొడిగేదాకా వాడొద్దు. జేబులో తాళంచెవులతో, చిల్లరతో ఎప్పుడూ వేసుకోవద్దు.

లైపో గురించి క్లుప్తంగా. దాని గొప్పతనం చిన్న చోటులో పెద్ద కరెంట్. దాని లోపం మెత్తటి రేకు సంచి తప్ప ఒంటి మీద వేరే కవచం లేకపోవడం. 1300 ఎంఏహెచ్, 35సీ అని ఉంటే 1.3ని 35తో గుణించి 45 ఆంపియర్లు అంటారు. ఆ సీ అంకెను సగానికి కోసి లెక్కేసుకోండి, ప్యాకెట్ మీద అంకెలు అంత ఉదారంగా రాస్తారు. బొమ్మ కింద పడితే ప్యాక్ అంచు నలుగుతుంది. నలిగినది వెంటనే మండకపోవచ్చు, తర్వాతి ఛార్జింగులో మండొచ్చు. పదహారేళ్ల లోపు పిల్లల చేతికి ఇది ఇవ్వకూడదన్నది నా గట్టి అభిప్రాయం.

వీటన్నిటికంటే నెమ్మదస్తురాలైన లిథియం ఒకటి ఉంది, లిథియం ఐరన్ ఫాస్ఫేట్, పొట్టిగా ఎల్‌ఎఫ్‌పీ. సోలార్ వీధి దీపాల్లో వాడే లావు 32700 సెల్లులు అవే: 3.2 వోల్టులు, 6000 ఎంఏహెచ్, బరువు సుమారు 140 గ్రాములు. 3సీ లెక్కన 18 ఆంపియర్లు. రెండు కలిపితే 6.4 వోల్టులు, అసలు మోటార్లకు సరిగ్గా సరిపోయే వోల్టేజీ. లావు వల్ల బొమ్మ లోపల పట్టవు, భుజానికి వేసుకునే సంచిలో పెట్టి వైరు లాగాలి. పెద్ద గన్ మీద పనిచేసేవాళ్లు దీన్ని ఆలోచించాలి. ఛార్జింగ్ వోల్టేజీ వేరు, సెల్లుకు 3.65 మించకూడదు. మామూలు 8.4 వోల్టుల లిథియం ఛార్జర్ దీనికి పెడితే పాడవుతుంది.

ఫ్యూజు లేకుండా ఏ ప్యాక్‌నూ తగిలించొద్దు. థర్మిస్టర్ పీకినచోట ఫ్యూజు పెట్టాలి, ఇందులో బేరం లేదు. బైకు, కారు ఎలక్ట్రీషియన్ దగ్గర దొరికే మినీ బ్లేడ్ ఫ్యూజు, దాని హోల్డర్ చాలు, ఖర్చు చాలా తక్కువ. బ్యాటరీ ప్లస్ వైరు మీద, బ్యాటరీకి వీలైనంత దగ్గరగా. దూరంగా పెడితే ఫ్యూజుకు ముందున్న వైరు నలిగి షార్ట్ అయినప్పుడు అది కాపాడదు. ఎన్ని ఆంపియర్లది? బ్లేడ్ ఫ్యూజు తన అంకెకు రెట్టింపు కరెంటును వెంటనే తెంచదు, 0.15 సెకను నుంచి 5 సెకన్ల దాకా సమయం ఇస్తుంది. మన నికెల్ ఉదాహరణలో 20 ఆంపియర్ల తొలి లాగుడు ఒక్క క్షణమే, వెంటనే 5కు పడుతుంది. 10 ఆంపియర్ల ఫ్యూజు దాన్ని సాధారణంగా భరిస్తుంది. డార్ట్ ఇరుక్కుని చక్రాలు ఆగిపోతే 20 అలాగే నిలబడుతుంది, ఐదు సెకన్లలోపు ఫ్యూజు పోతుంది. మోటారు బతుకుతుంది. రెండు 18650లతో 29 లాగే చోట 15 ఆంపియర్లది వేయాలి. ఫ్యూజు పదే పదే పోతుంటే పెద్దది వేయకండి, చక్రాల మధ్య స్పాంజి తునక ఉందేమో, మోటారు కడ్డీకి వెంట్రుకలు చుట్టుకున్నాయేమో చూడండి.

వైరు 18 గేజ్ సిలికాన్ తొడుగుది వాడాలి, లోపలి రాగి 0.8 చదరపు మిల్లీమీటర్లు. 0.25 ఓమ్ మోటార్లకు 16 గేజ్. హోమ్ వైరింగ్‌కు వాడే 1 స్క్వేర్ వైరు కరెంట్ మోస్తుంది గాని గట్టిగా ఉంటుంది, మూత బిగించినప్పుడు నలిగి పీవీసీ చిట్లుతుంది. కనెక్టర్ ఎక్స్‌టీ60 గాని ఎక్స్‌టీ30 గాని వేయండి. అది తిరగేసి దూరదు, ప్లస్ మైనస్ తారుమారయ్యే అవకాశం ఉండదు. టంకం పెట్టేటప్పుడు ఆడ ముక్కలో మగ ముక్క గుచ్చి ఉంచితే పిన్నులు వంకరపోవు. బ్యాటరీ వైపు ఆడ ముక్కే ఉండాలి, బయటికి పొడుచుకొచ్చిన పిన్నులున్న మగ ముక్క బ్యాటరీ వైపు పెడితే తాళంచెవి తగిలినా షార్టే. కనెక్టర్‌ను మూత విప్పకుండా చేతికి అందేచోట ఉంచండి. ట్రిగ్గర్ స్విచ్చు లోపలి కాంటాక్టు కొన్నిసార్లు అతుక్కుపోయి ట్రిగ్గర్ వదిలినా మోటారు ఆగదు. స్విచ్చు మీద 10 ఆంపియర్లు అని రాసి ఉన్నా అది 250 వోల్టుల ఏసీకి. డీసీ మోటారును ఆపేటప్పుడు వచ్చే నిప్పురవ్వ కాంటాక్టులను వెల్డ్ చేసేస్తుంది. అప్పుడు స్క్రూడ్రైవర్ వెతుక్కునే వ్యవధి ఉండదు, కనెక్టర్ పీకాలి.

ఛార్జింగ్‌లో మన ఇళ్లలో జరిగే ప్రధాన తప్పు సెట్‌టాప్ బాక్సు అడాప్టర్. ప్రతి ఇంట్లో ఒకటో రెండో పాతవి పడి ఉంటాయి, 12 వోల్టులు. దాన్ని 8.4 దగ్గర ఆగాల్సిన రెండు సెల్లుల ప్యాక్‌కు కలిపితే ఎర్ర లైటు వెలుగుతుంది, ఛార్జ్ అవుతున్నట్టే ఉంటుంది. ఎక్కడా ఆగదు. అడాప్టర్ వేరు, ఛార్జర్ వేరు. లిథియం ఛార్జర్ మొదట నిర్ణీత కరెంట్ ఇచ్చి, తర్వాత నిర్ణీత వోల్టేజీ దగ్గర కరెంట్ తగ్గించుకుంటూ ఆగిపోతుంది. ఐమ్యాక్స్ బీ6 తరహా ఛార్జర్‌లో బ్యాటరీ రకం, సెల్లుల సంఖ్య, కరెంట్ మీరే ఎంచుకోవాలి. 1300 ఎంఏహెచ్‌కు 1.3 ఆంపియర్లు మించొద్దు. రెండు సెల్లుల ప్యాక్‌కు మూడు తీగల చిన్న తెల్ల కనెక్టర్ ఉంటుంది, దాన్ని కూడా గుచ్చి బ్యాలెన్స్ మోడ్‌లోనే పెట్టండి. అది గుచ్చకపోతే ఛార్జర్‌కు మొత్తమే కనిపిస్తుంది: ఒక సెల్లు 4.0, ఇంకోటి 4.4 ఉన్నా మొత్తం 8.4 అని తృప్తి పడుతుంది.

నికెల్‌కు ఒక్కో సెల్లును విడిగా చూసే స్మార్ట్ ఛార్జర్ మంచిది. 500 మిల్లీ ఆంపియర్లతో నాలుగైదు గంటలు పడుతుంది. వెల్డ్ చేసిన ప్యాక్ అయితే పై ఛార్జర్‌లోనే నికెల్ మోడ్‌లో 1 ఆంపియర్. ఇక్కడ కరెంట్ మరీ తగ్గించడం జాగ్రత్త అనిపించుకోదు. నిండిందని గుర్తుపట్టడానికి ఛార్జర్ చూసేది సెల్లు వోల్టేజీలో వచ్చే అతి చిన్న తగ్గుదలను, సెల్లుకు కొన్ని మిల్లీవోల్టులు. కరెంట్ తక్కువైతే ఆ తగ్గుదల కనిపించదు, ఛార్జర్ ఆగదు. చివర్లో సెల్లు గోరువెచ్చగా ఉండటం మామూలే. చేత్తో పట్టుకోలేనంత కాలితే ఛార్జర్ గుర్తు తప్పిందని అర్థం, తీసేయండి.

ఎండ సంగతి. చాలా లిథియం సెల్లులకు తయారీదారు చెప్పే ఛార్జింగ్ హద్దు 45 డిగ్రీలు. నల్లగొండలో మే మధ్యాహ్నం నీడలోనే ఆ అంకె దగ్గరకు పోతుంది, రేకుల ఇంట్లో సజ్జ మీద ఇంకా ఎక్కువ. ఏప్రిల్, మే, జూన్ మొదటి వారాల్లో పొద్దున అయిదు నుంచి ఎనిమిది లోపు ఛార్జ్ చేసుకోండి. ఆడి వచ్చిన బ్యాటరీని చల్లారేదాకా అరగంట ఆగి పెట్టండి. సాగర్‌కో సోమశిలకో పోయినప్పుడు స్కూటరు డిక్కీలో, ఎండలో నిలిపిన కారులో ప్యాక్ వదలొద్దు. నిండా ఛార్జ్ చేసిన లిథియం వేడిలో నిలవుంటే ఉబ్బుతుంది. వారం దాటి వాడకపోతే సెల్లుకు 3.8 వోల్టుల దగ్గర నిలవ చేయాలి, ఛార్జర్‌లోనే ఆ మోడ్ ఉంటుంది. ఆడేటప్పుడు తక్కువ వోల్టేజీకి కూత పెట్టే చిన్న అలారం తగిలించి 3.5కు పెట్టండి. ఆట అయ్యాక అలారం పీకడం మరవొద్దు, అదే వారాల్లో ప్యాక్‌ను పూర్తిగా పీల్చేస్తుంది.

ఛార్జింగ్ చోటు: షాబాద్ బండల నేల మీద, మంచానికి, పరుపుకు, కర్టెన్‌కు, అల్మారాకు మీటరు దూరంలో. మూత బిగించని పెద్ద మట్టికుండ అడుగున పొడి ఇసుక పోసి అందులో పెట్టడం ఖర్చు లేని ఏర్పాటు. పక్కన ఇంకో బకెట్ ఇసుక. గుమ్మం దగ్గర, మెట్ల కింద మాత్రం పెట్టొద్దు. 2022 సెప్టెంబర్ 12న సికింద్రాబాద్‌లో కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్‌లో మంటలు లేస్తే పొగ మెట్ల దారిలో పైకి కమ్మి లాడ్జిలో ఉన్న 8 మంది చనిపోయారు. చిన్న ప్యాక్ పొగ కూడా విషమే. ఇంట్లో మంట లేస్తే ముందు మనుషులు బయటికి రావాలి. ఇంటి కరెంట్ ఆపాక దూరం నుంచి ధారాళంగా నీళ్లు పోయడం పనికొస్తుంది, ఎందుకంటే సెల్లును చల్లార్చేది నీళ్లే. ఇసుక మంట పాకకుండా ఆపుతుంది గాని లోపలి వేడిని తీయదు. ఆరిపోయిందనుకున్న ప్యాక్ గంటల తర్వాత మళ్లీ అంటుకోగలదు, ఆరుబయటే వదలండి.

పిల్లల బొమ్మ మీద ఉండే ఐఎస్ఐ మార్కు కంపెనీ చేసిన బొమ్మకే వర్తిస్తుంది. 2021 జనవరి నుంచి మన దేశంలో 14 ఏళ్ల లోపు పిల్లల బొమ్మలకు అది తప్పనిసరి. మోటారు, వైరు, బ్యాటరీ మార్చాక ఆ మార్కుకు అర్థం లేదు. మార్చిన గన్‌ను చిన్నపిల్లలకు ఇవ్వొద్దు, ఆడేవాళ్లంతా కళ్లద్దాలు పెట్టుకోవాలి.

ఉబ్బిన లైపోను, 2.5 వోల్టుల కిందికి పడిన సెల్లును మళ్లీ లేపే ప్రయత్నం చేయకండి. గుచ్చి గాలి తీస్తే సరిపోతుందన్న సలహా వింటే చేతులు కాలుతాయి. అలాంటి ప్యాక్‌కు 12 వోల్టుల కారు బల్బు కలిపి, ఆరుబయట, బల్బు ఆరిపోయేదాకా ఉంచండి. తర్వాత రెండు వైర్లను ఒకదాని తర్వాత ఒకటి కత్తిరించి, రెండు కొనలకూ విడివిడిగా టేపు చుట్టండి. ఒకేసారి రెండూ కత్తిరిస్తే కత్తెరే షార్ట్ చేస్తుంది. 2022 బ్యాటరీ వ్యర్థాల నియమాల ప్రకారం పాత బ్యాటరీలను ఇంటి చెత్తలో కలపకూడదు, వాటిని వెనక్కి తీసుకునే బాధ్యత తయారీదారులది. టేపు చుట్టిన ప్యాక్‌ను ఇసుక పోసిన డబ్బాలో వేసి, హైదరాబాద్ పోయినప్పుడు ఈ-వేస్ట్ తీసుకునే కేంద్రంలో ఇవ్వండి. ఇనుప సామాను కొనే బండి మీద వేస్తే అది గోదాములో నలిగేచోటికి పోతుంది.